మూడు వరుసల బండి పదేళ్లు నిలవాలంటే

ప్రశ్న: మేం ఇంట్లో ఆరుగురం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు, మామగారు. ఇప్పుడున్న చిన్న కారు సరిపోవడం లేదు. మూడు వరుసల మిడ్‌సైజ్ ఎస్‌యూవీ తీసుకుందామనుకుంటున్నాం. కొంటే కనీసం పదేళ్లు ఉంచుకోవాలి, మధ్యలో మార్చే స్తోమత మాకు లేదు. వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగాం. ఒకటి పూర్తిగా కొత్త డిజైన్‌తో ఈ ఏడాదే వచ్చిన మోడల్, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్. రెండోది మరో కంపెనీది, మూడేళ్లు వాడిన బండి. ఆరు సిలిండర్ల వీ6 ఇంజిన్, తొమ్మిది గేర్ల ఆటోమేటిక్, దాదాపు 60,000 కిలోమీటర్లు తిరిగింది. ఆ డిజైన్‌కు అదే చివరి ఏడాది అట. వారంటీ ఉంటుంది కదా, కొత్తదే మేలంటారు మా వారు. మా తమ్ముడేమో కంపెనీ పేరు చూసి కొనుక్కో అక్కా, మిగతావి పట్టించుకోకు అంటాడు. యజమానులు రాసినవి చదవడం మొదలుపెట్టాక నాకు రెండింటి మీదా భయం పట్టుకుంది. ఇంజిన్ పోయిందని ఒకరు, గేర్‌బాక్స్ పోయిందని ఒకరు, లక్షల బండ్లు రికాల్ చేశారని ఇంకొకరు. రేటింగుల్లో ఒకచోట పైనున్నది ఇంకోచోట కింద ఉంటోంది. పెద్దవాళ్లను, పిల్లలను ఎక్కించుకుని వెళ్తుంటే దారిలో ఆగిపోతుందేమోనని టెన్షన్. దేన్ని నమ్మాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. మీ రెండింటిలో నేను రెండోదాని వైపే మొగ్గుతాను, అదీ దాని గేర్‌బాక్స్ సంగతి తేలాకే. మీ వారి మాటలో న్యాయం ఉంది, మీ తమ్ముడి మాటలోనూ కొంత ఉంది. కానీ పదేళ్లు ఉంచుకోవాలనుకునేవాళ్లకు ఆ రెండూ చాలవు. వారంటీ ఆ పదేళ్లలో మొదటి కొన్నేళ్లనే కాస్తుంది. కంపెనీ పేరు చూస్తే బానెట్ కింద ఏ ఇంజిన్ ఉందో, దానికి ఏ గేర్‌బాక్స్ జతచేశారో, అది ఏ ఏడాది తయారైందో తెలియదు. బండి మీద నమ్మకం పెట్టుకోవాలా వద్దా అన్నది ఈ మూడూ కలిపి చూస్తేనే తేలుతుంది. మీరు చదివిన ఫిర్యాదుల్లో చాలావరకు ఈ మూడూ కలగాపులగం చేసి రాసినవే అయ్యుంటాయి. అందుకే అంత భయం వేసింది.

హోండా పైలట్ సంగతే చూడండి. 2016 నుంచి 2020 వరకు వచ్చిన మోడళ్లలో కింది ట్రిమ్‌లకు (తక్కువ హంగులున్న రకాలకు) ఆరు గేర్ల ఆటోమేటిక్ ఇచ్చారు. పై ట్రిమ్‌లకు జెడ్‌ఎఫ్ కంపెనీ డిజైన్ చేసిన తొమ్మిది గేర్లది పెట్టారు. ఒకే పేరు, ఒకే ఏడాది, ఒకే ఇంజిన్. అయినా గేరు మారేటప్పుడు కుదుపుతోందని, తడబడుతోందని వచ్చిన ఫిర్యాదులు ఎక్కువగా తొమ్మిది గేర్ల వాటి మీదే. హంగుల కోసం ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకే ఎక్కువ చికాకు మిగిలిందన్నమాట. నిస్సాన్ పాత్‌ఫైండర్‌కు 2013లో సీవీటీ గేర్‌బాక్స్ (విడివిడి గేర్లు లేకుండా వేగానికి తగ్గట్టు మారుతూ పోయేది) వచ్చింది. వణుకు గురించి ఫిర్యాదులు పెరిగి, అమెరికాలో ఆ తొలి మోడళ్ల గేర్‌బాక్స్‌కు కంపెనీ వారంటీ పొడిగించాల్సి వచ్చింది. 2022 మోడల్‌కు వచ్చేసరికి సీవీటీని తీసేసి మామూలు తొమ్మిది గేర్ల ఆటోమేటిక్ పెట్టారు. 2014 పాత్‌ఫైండర్‌నూ 2022 పాత్‌ఫైండర్‌నూ ఒకే గాటన కడితే రెండోదానికి అన్యాయం, కొనేవాళ్లకు నష్టం.

మంచి పేరు విషయంలోనూ ఇదే జరుగుతుంది. టయోటా హైల్యాండర్ అంటే ఏళ్లు గడిచినా మొరాయించదన్న పేరుంది. ఆ పేరు తెచ్చినవి దాని 3.5 లీటర్ల వీ6, దాని హైబ్రిడ్. 2023 మోడల్ నుంచి ఆ వీ6 స్థానంలో 2.4 లీటర్ల టర్బో వచ్చింది. అది చెడ్డదని నేను అనడం లేదు. వీ6 సంపాదించిన పేరును టర్బోకు బదిలీ చేయకూడదంటున్నానంతే. మీ తమ్ముడు చెప్పిన "కంపెనీ పేరు చూడు" అన్న సలహా ఇక్కడే దెబ్బతింటుంది.

ఇక మొదటి ఏడాది మోడల్ గురించి. కొత్త డిజైన్ అంటే కొత్త ప్లాట్‌ఫాం, కొత్త వైరింగ్, కొత్త సాఫ్ట్‌వేర్, చాలాసార్లు ఫ్యాక్టరీలో కొత్త పనిముట్లు కూడా. ఎంత పెద్ద కంపెనీకైనా అన్నీ ఒకేసారి కుదరడం కష్టం. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 2020 మోడల్‌గా కొత్త డిజైన్‌లో వచ్చినప్పుడు షికాగోలో తయారైన వేలాది బండ్లను అమ్మకానికి పంపే ముందు మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీకి తరలించి సరిచేయాల్సి వచ్చింది. సుబారు ఆసెంట్ 2019లో తొలిసారి వచ్చింది. 2019, 2020 మోడళ్లలో గేర్‌బాక్స్ లోపలి చెయిన్ జారిపోయే, తెగిపోయే అవకాశం ఉందని 2021 చివర్లో సుమారు 1,60,000 బండ్లు రికాల్ చేశారు. ఆ లోపానికి మూలం గేర్‌బాక్స్‌ను నడిపించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో ఉంది. చెయిన్ మీద పూర్తి పట్టు చిక్కకముందే క్లచ్ కలిసేది. ఇలాంటి పొరపాట్లు పరీక్షల్లో దొరకవు. వేలమంది చేతుల్లో, రకరకాల రోడ్ల మీద రెండేళ్లు తిరిగాకే బయటపడతాయి. ఆ రెండేళ్లూ మీ బండి మీదే గడవాల్సిన అవసరం మీకు లేదు.

చివరి ఏడాది మోడల్‌కు ఇక్కడే మేలు. అప్పటికి దానికి కావలసిన చిన్నచిన్న మార్పులన్నీ జరిగిపోయి ఉంటాయి. విడిభాగాలు దొరుకుతాయి. దాని రోగాలేమిటో బయటి మెకానిక్‌లకూ తెలిసిపోతుంది. అయితే ఇది నూటికి నూరుపాళ్లు హామీ కాదు. కియా టెల్యూరైడ్ విషయంలో 2024 మార్చిలో ఒక రికాల్, జూన్‌లో మరొకటి వచ్చాయి. రెండూ 2020 నుంచి 2024 వరకు ఉన్న మోడళ్లన్నింటికీ వర్తించాయి. మొదటిది 4,27,407 బండ్లకు. ముందు షాఫ్ట్ సరిగ్గా కూర్చోకపోవడం వల్ల పార్క్‌లో పెట్టినా బండి కదిలిపోయే ప్రమాదం ఉందని. రెండోది 4,62,869 బండ్లకు. ముందు సీటు మోటారు వేడెక్కి మంటలు రావచ్చని. ఐదేళ్ల మోడళ్లన్నింటికీ అదే రికాల్ వచ్చిందంటే ఐదో ఏడాది మోడల్ కొన్నా తప్పించుకునేవాళ్లం కాదు.

ఇంత పెద్ద అంకెలు చూస్తే గుండె గుభేల్మంటుంది, నిజమే. అయితే రికాల్‌నూ బండి నమ్మకాన్నీ విడదీసి చూడాలి. రికాల్ అంటే భద్రతకు సంబంధించిన లోపాన్ని కంపెనీ తన ఖర్చుతో సరిచేయడానికి పిలవడం. ఆ పని చేయించేశారంటే ఆ లోపం మటుకు ముగిసినట్టే. మీరు కొనబోయే బండి విన్ నంబర్ (ప్రతి బండికీ విడిగా ఉండే 17 అక్షరాలు, అంకెల గుర్తింపు) తీసుకుని, ఆ నంబర్ మీద ఇంకా పూర్తికాని రికాల్ ఏదైనా ఉందేమో చూడండి. అమెరికా బండ్లకైతే అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఈ వివరం ఉచితంగా ఇస్తుంది. మిగతా చోట్ల కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగవచ్చు. నేను రికాల్‌ల సంఖ్య లెక్కపెట్టను. ప్రతి రికాల్‌కూ కారణం ఏమిటో చదువుతాను. సీటు కింద వైరు సమస్య అయితే ఒక పూట పని. ఇంజిన్ లోపల సమస్య అయితే సంగతి వేరు. 2023 నవంబర్‌లో హోండా కొన్ని పైలట్‌లను, అదే వీ6 ఉన్న మరికొన్ని మోడళ్లను కలిపి సుమారు 2,49,000 బండ్లు రికాల్ చేసింది. క్రాంక్‌షాఫ్ట్ తయారీలో తేడా వల్ల కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగి, నడుస్తుండగానే ఇంజిన్ ఆగిపోయే అవకాశం ఉందని. అలాంటిది మీ బండికి వర్తిస్తే, తనిఖీ జరిగిందన్న కాగితం చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వవద్దు.

రికాల్ కాకుండా టెక్నికల్ సర్వీస్ బులెటిన్ అని మరొకటి ఉంటుంది. భద్రతకు ముప్పులేని, కానీ తరచూ వచ్చే సమస్యకు ఏం చేయాలో కంపెనీ తన మెకానిక్‌లకు పంపే సూచన అది. బయటివాళ్లు పెద్దగా పట్టించుకోరు కానీ నాకు అన్నింటికంటే పనికొచ్చే కాగితం అదే. ఒకే గేర్‌బాక్స్ మీద ఏటా ఒక కొత్త బులెటిన్ వస్తోందంటే సమస్య ఇంకా లొంగలేదని అర్థం. ఒకటి వచ్చి ఆగిపోయిందంటే మందు దొరికిందనే ఎక్కువ ఆశ. యజమానుల రాతల్లో తెలియని ముక్క ఇక్కడ తెలుస్తుంది. వాళ్లను తప్పుపట్టడం లేదు. కష్టం వచ్చినవాళ్లే రాస్తారు, ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్నవాళ్లు రాయరు. అందుకని వాటి నుంచి ఏ భాగం పాడవుతోంది, ఎన్ని కిలోమీటర్ల దగ్గర పాడవుతోంది అన్న రెండు విషయాలు మాత్రం ఏరుకోండి. ఎంతమందికి పాడైందో వాటి నుంచి తేల్చలేం.

రేటింగులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయన్నారు. అవి కొలిచేదే వేరువేరు. బండ్ల యజమానులను సర్వే చేసే జేడీ పవర్ సంస్థకు ఇనిషియల్ క్వాలిటీ అధ్యయనం ఒకటుంది. అది కొన్న మొదటి 90 రోజుల గురించి అడుగుతుంది. డిపెండబిలిటీ అధ్యయనం మూడేళ్ల వయసున్న బండ్ల గురించి అడుగుతుంది. రెండింటిలోనూ 100 బండ్లకు ఎన్ని సమస్యలని లెక్క. ఫోన్ బ్లూటూత్‌కు కలవకపోవడం ఒక సమస్య, గేర్‌బాక్స్ మార్చాల్సి రావడం కూడా ఒక సమస్య. కొన్నేళ్లుగా ఆ జాబితాల్లో పైనుండేది ఇన్ఫోటెయిన్‌మెంట్ స్క్రీన్ చికాకులే. పదేళ్లు ఉంచుకునే మీకు ఆ మార్కులు పెద్దగా ఉపయోగపడవు. అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ తన సభ్యులను గత 12 నెలల్లో వచ్చిన సమస్యల గురించి అడిగి, ఇంజిన్, గేర్‌బాక్స్, ఏసీ, బ్రేకులు అంటూ 20 విభాగాలుగా విడదీసి, పెద్ద సమస్యలకు ఎక్కువ బరువిస్తుంది. మొత్తం మార్కు వదిలేసి ఆ విభాగాలే చూడండి. ఒక్క చిక్కేమిటంటే, ఇప్పుడే వచ్చిన మోడల్‌కు యజమానులే ఉండరు కాబట్టి కంపెనీ చరిత్రను బట్టి అంచనా మాత్రమే కడతారు. మీ మొదటి బండికి కనిపించిన మంచి మార్కు అలాంటి అంచనా అయ్యుండే అవకాశం చాలా ఉంది.

ఇప్పుడు అసలైన విషయానికి, గేర్‌బాక్స్‌కు వద్దాం. మూడు వరుసల బండి ఖాళీగానే 1,900 నుంచి 2,100 కిలోల దాకా తూగుతుంది. ఆరుగురు కూర్చుని సామాను పెడితే ఇంకో ఐదొందల కిలోలు సులువుగా చేరతాయి. అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ చిన్న సెడాన్‌లో హాయిగా బతికేస్తాయి. ఇక్కడ మాత్రం ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదిలేటప్పుడు లోపలి ఆయిల్ వేడెక్కుతుంది. వేడెక్కిన ఆయిల్ పలచబడి, క్రమంగా గుణం కోల్పోతుంది. అప్పుడు క్లచ్ ప్లేట్లు జారతాయి, జారితే ఇంకా వేడి. పాడయ్యే తీరు ఇదే, చాలా నిదానంగా జరుగుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కొన్ని కంపెనీలు మాన్యువల్‌లో రాస్తాయి. ఆ మాట నమ్మకండి. గేర్‌బాక్స్‌లు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే తన ఆటోమేటిక్‌లకు వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమని చెబుతుంది. నిండుగా మనుషులతో తిరిగే మీ బండికి 80,000 దాటనివ్వకపోవడం మంచిది. మాన్యువల్ చెప్పిన రకం ఆయిలే పోయించండి, ఏదో ఒకటి కలిపితే మొదటికే మోసం.

సీవీటీ అన్న పేరు చూసి కంగారు పడేవాళ్లకు ఒక మాట. నిస్సాన్, సుబారుల్లో ఉన్న సీవీటీ రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టో చెయినో బిగించి నడిపేది. భారీ బండిలో ఆ బెల్టు మీద ఒత్తిడి ఎక్కువ. టయోటా హైబ్రిడ్‌లలో ఉండే ఈ-సీవీటీలో అలాంటి బెల్టే లేదు, మామూలు క్లచ్ ప్లేట్లూ లేవు. ప్లానెటరీ గేర్లు, రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, అంతే. అరిగిపోయేవి చాలా తక్కువ. పేరు దగ్గర దగ్గరగా ఉన్నా లోపలి పని వేరు. మూడు వరుసల బండ్లలో నా దృష్టిలో దీర్ఘకాలానికి అన్నింటికంటే నిబ్బరమైన ఏర్పాటు ఇదే. మీ ఇద్దరికీ మూడో దారి ఏదైనా కావాలనిపిస్తే అలాంటి హైబ్రిడ్‌ను కూడా చూడండి. దాని పెద్ద బ్యాటరీకి గాలి అందించే రంధ్రాలు హైల్యాండర్‌లో రెండో వరుస సీటు కింద ఉంటాయి. సంచులు, పిల్లల బొమ్మలు అక్కడ తోసి గాలి అడ్డుకోకుండా చూసుకుంటే చాలు.

ఇంజిన్ విషయంలో వీ6 అంటేనే గట్టిది, టర్బో అంటేనే అనుమానం అని తీర్మానించకండి. వీ6లకూ తమ తమ రోగాలున్నాయి. 2007 నుంచి 2009 వరకు వచ్చిన జీఎం (జనరల్ మోటార్స్) 3.6 లీటర్ల వీ6లో టైమింగ్ చెయిన్ (ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిచి మూసేలా నడిపేది) సాగిపోయేది. ఆయిల్ ఎప్పుడు మార్చాలో గుర్తుచేసే కంప్యూటర్ లెక్క మరీ ఉదారంగా ఉండటం దానికి ఒక కారణం. కంపెనీ తర్వాత ఆ లెక్కను కుదించింది, చెయిన్‌కు వారంటీ కూడా పొడిగించింది. షెవర్లే ట్రావెర్స్, బ్యూక్ ఎన్‌క్లేవ్ లాంటి ఈ తరగతి బండ్లలో అప్పట్లో ఉన్నది ఆ ఇంజినే. 2011 నుంచి 2019 వరకు ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చిన ఫోర్డ్ 3.5 లీటర్ల వీ6లో వాటర్ పంపు ఇంజిన్ లోపల, టైమింగ్ చెయిన్ దగ్గర ఉంటుంది. అది కారితే కూలంట్ వెళ్లి ఆయిల్‌లో కలుస్తుంది. బయటికి చుక్క కనిపించకుండానే ఇంజిన్ పోయే పరిస్థితి. హోండా పైలట్ మొదటి మూడు తరాల వీ6కూ చెయిన్ కాదు, టైమింగ్ బెల్టు ఉంది. సుమారు 1,60,000 కిలోమీటర్లకో ఏడేళ్లకో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. మీరు పదేళ్లు ఉంచుకుంటే ఈ ఖర్చు తప్పనిసరిగా మీ వాటాకే వస్తుంది. మీ రెండో బండికి బెల్టా, చెయినా అన్నది ఇప్పుడే కనుక్కోండి. బెల్టు మార్చేటప్పుడు వాటర్ పంపు కూడా మార్పించేయడం తెలివైన పని, రెండుసార్లు విప్పే కూలీ తప్పుతుంది.

టర్బో ఇంజిన్ చిన్నది కాబట్టి అదే బరువు లాగడానికి ఎక్కువ ఒత్తిడితో, ఎక్కువ వేడితో పనిచేస్తుంది. దానికి ఆయిలే ప్రాణం. ఆయిల్ సమయానికి మార్చే ఇంట్లో టర్బో ఏళ్ల తరబడి నిలుస్తుంది, పదిహేను రోజులు వాయిదా వేయడం అలవాటైన ఇంట్లో నిలవదు. మీ ఇంట్లో ఎలా ఉంటుందో మీకే తెలుసు. దూరాలు తక్కువైతే, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే తిరుగుడు ఎక్కువైతే, కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చాలి. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో, వీ6 అయినా టర్బో అయినా, ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. టయోటా 3.5 వీ6 తర్వాతి రకంలో రెండు చోట్ల నుంచి పెట్రోలు చిమ్మే పద్ధతి పెట్టింది. అందువల్ల ఆ వాల్వులు చాలావరకు శుభ్రంగా ఉంటాయి.

ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుంటే ఒక్క జాగ్రత్త. నాలుగు టైర్ల అరుగుదల దగ్గరదగ్గరగా ఉండాలి. చాలా కంపెనీలు టైర్ల మధ్య తేడా 1.6 మిల్లీమీటర్లు దాటకూడదంటాయి. ఒక్క టైరు పగిలితే ఒక్కటే కొత్తది వేయించడం, ఆ తేడాతో నెలల తరబడి తిప్పడం వల్ల వెనక డ్రైవ్ భాగాలు వేడెక్కి పాడవుతాయి. వాడిన బండిలో నాలుగు టైర్లు నాలుగు కంపెనీలవైతే నేను అక్కడే కాసేపు ఆగి ఆలోచిస్తాను. టైర్ల మీద పొదుపు చేసినవాళ్లు ఆయిల్ మీద చేయలేదని నమ్మకం ఏముంది?

వాడిన బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికే వేడి చేసి ఉంచితే మరో రోజు వస్తామని వచ్చేయండి. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు వచ్చే చెయిన్ చప్పుడు, పొగ, తర్వాత వినిపించవు, కనిపించవు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ స్థాయి చూడండి, ఆయిల్ మూత కింద పాలమీగడ రంగు జిగురుందేమో చూడండి. అలా ఉంటే కూలంట్ కలుస్తోందని అనుమానించాలి. తర్వాత అరగంటకు తక్కువ కాకుండా నడపండి. రివర్స్ వేసినప్పుడు గేరు పడటానికి ఆలస్యమవుతోందా, నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కితే కుదుపు వస్తోందా, 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటే గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు సన్నని వణుకు వస్తోందా, ఈ మూడూ గమనించండి. మీ బండికి తొమ్మిది గేర్లు కాబట్టి మొదటి రెండూ మరీ ముఖ్యం. ఒక్కరే వెళ్లకండి, ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించి ఒక ఎత్తు ఎక్కించండి. ఖాళీ బండి చాలా తప్పుల్ని దాచేస్తుంది.

అమ్మేవాళ్లు చెక్ ఇంజిన్ లైట్ ఆర్పించి చూపించే అవకాశం ఉంటుంది. దాన్ని పట్టుకోవడం తేలిక. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ పెట్టి, లోపాల కోడ్‌లతో పాటు రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపేవి) చూడమని మీ మెకానిక్‌తో చెప్పండి. కోడ్ చెరిపేస్తే ఆ మానిటర్లలో చాలావరకు "పూర్తికాలేదు" అని చూపిస్తాయి, మళ్లీ సిద్ధం కావడానికి కొన్ని రోజుల మామూలు ప్రయాణం పడుతుంది. రోజూ తిరుగుతున్న బండి అంటూనే మానిటర్లు చాలావరకు సిద్ధంగా లేకపోతే వివరణ అడగండి. సర్వీస్ రికార్డులో తేదీల మధ్య దూరం చూడండి. మూడేళ్లలో 60,000 కిలోమీటర్లకు కనీసం ఐదారు ఆయిల్ మార్పులైనా కనిపించాలి. రెండే ఉంటే, బండి ఎంత మెరుస్తున్నా నాకు వద్దు.

మూడు వరుసల బండికి మాత్రమే ఉండే చిన్న తలనొప్పులు కొన్ని ఉన్నాయి. వెనక వరుసకు ఏసీ అందించే పైపులు బండి అడుగున చివరి దాకా వెళ్తాయి. అవి తుప్పు పట్టి గ్యాస్ కారడం చాలా కంపెనీల్లో ఉంది, మరమ్మతు ఖరీదు. పెద్దవాళ్లు వెనక కూర్చుంటే ఇది చిన్న విషయం కాదు. వెనక ఏసీ పదిహేను నిమిషాలు నడిపి చల్లదనం చేతితో చూడండి. బండిని లిఫ్ట్ మీద ఎక్కించినప్పుడు ఆ పైపులను చూపించమనండి. రెండో వరుస సీటు జరిపే మీట, మూడో వరుస మడతపెట్టే మోటారు, డిక్కీ తలుపు ఎత్తే యంత్రం, అన్నింటినీ పలుమార్లు వాడి చూడండి. సన్‌రూఫ్ ఉంటే దాని నీటి గొట్టాలు మూసుకుపోయాయేమో, కింద కార్పెట్ తడిగా ఉందేమో చేత్తో తడిమి చూడండి. నీరు దిగిన బండిలో వైరింగ్ సమస్యలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి.

మీ వారు కొత్తదే కావాలని గట్టిగా అంటే, ఆ మోడల్‌నే ఏడాదిన్నర, రెండేళ్లు ఆగి తీసుకోండి. ఆ లోపు దాని బులెటిన్లు, రికాల్‌లు ఏమిటో తేలిపోతాయి. అంత ఆగలేమంటే, డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద తయారైన నెల చూసి, ఉత్పత్తి మొదలైన తొలి నెలల్లో తయారైనది కాకుండా ఆ తర్వాతిది అడగండి. పొడిగించిన వారంటీ తీసుకుంటే కంపెనీ సొంతంగా ఇచ్చేదే తీసుకోండి, గేర్‌బాక్స్, టర్బో దానిలో ఉన్నాయో లేదో కాగితం మీద చదివాకే.

చివరగా మీ టెన్షన్ గురించి. దారిలో ఆగిపోతే ఎలా అన్నారు. జర్మనీలో రోడ్డు మీద ఆగిన బండ్లకు సాయం చేసే ఏడీఏసీ ఏటా లెక్కలు ఇస్తుంది. వాటిలో ఈ మధ్య 40 శాతానికి పైగా సందర్భాల్లో కారణం 12 వోల్టుల బ్యాటరీ. ఇంజిన్ లోపల విరగడం లాంటివి చాలా వెనక ఉంటాయి. హైబ్రిడ్‌కైనా ఈ చిన్న బ్యాటరీ వేరుగా ఉంటుంది. కాబట్టి ఏ బండి కొన్నా ఆ వారంలోనే బ్యాటరీ టెస్ట్ చేయించండి, వయసు నాలుగేళ్లు దాటి బలహీనంగా ఉంటే అడక్కముందే మార్చేయండి. ఈ బండ్లలో చాలావాటికి స్పేర్ టైరు అడుగున కేబుల్‌కు వేలాడుతుంది. తుప్పు పట్టిన కేబుల్ అవసరానికి కిందికి దిగదు. ఇంటి దగ్గర ఉన్నప్పుడే మీ వారూ మీరూ కలిసి ఒకసారి ఆ టైరు దించి, గాలి చూసి, మళ్లీ ఎక్కించండి.